మిగిలిన సగానికి మైనపు గుడ్డ

జనవరి 12

వదినా,

కవరు మీద నా దస్తూరి చూసి కూడా చించి పారెయ్యకుండా ఇంతదాకా చదివావంటే సగం గండం గట్టెక్కినట్టే. మనిద్దరం మాట్లాడుకుని ఏడాది దాటింది. నీ చిరునామా ఎవరిచ్చారని అడక్కు, ఇచ్చినవాళ్ళ మీద కోపం తెచ్చుకోకు. నీ పాత నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ముసలాయన ఎత్తాడు. రెండోసారి చేస్తే తిట్టాడు. ఇక మూడోసారికి ధైర్యం చాల్లేదు.

ముందు నా సంగతి చెబుతాను. నువ్వు వెళ్ళాక ఆ ఇల్లు ఖాళీ చేసేశాం. అన్నయ్య తన ఆఫీసుకు దగ్గర్లో చూసుకున్నాడు. నేను మా కుట్టుకొట్టు ఉన్న వీధిలోనే మేడ మీద ఒక గది తీసుకున్నాను. కొట్లో నా పని ఇప్పుడూ అదే. పొడుగువి పొట్టి చెయ్యడం, బిగుతువి వదులు చెయ్యడం, పాడైన జిప్పులు మార్చడం. కొత్త బట్ట మీద కత్తెర పెట్టే భాగ్యం ఇంకా రాలేదు. గదికి ఒక కిటికీ ఉంది. అందులోంచి చూస్తే ఎదుటివాళ్ళ కిటికీ కనిపిస్తుంది. వాళ్ళు కర్టెన్ వేసుకుంటారు, నేను వేసుకోను. ఇక్కడ చూడ్డానికేముందని?

ఇక అసలు సంగతి. మా భవనంలో కొత్త రూలొకటి పెట్టారు. వారానికి గదికి ఒక్క సంచీ చెత్తే తీసుకెళ్తారట. ఎక్కువైతే దాని మీద గది నంబరు రాసి మెట్ల దగ్గర వదిలేసి పోతారు, వచ్చేపోయేవాళ్ళందరూ చూసేట్టు. ఒంటి మనిషిని, నాకెంత చెత్త ఉంటుందిలే అనుకున్నాను. తీరా చూస్తే మెట్ల మీద కూర్చుంది నాదే! సిగ్గేసి పైకి తెచ్చుకుని విప్పి చూశాను. నవ్వకు. అంతా పల్చటి ప్లాస్టిక్ కాగితమే. ఎందుకంటే ఒక్క మనిషికి సగం ఉల్లిపాయ చాలు. మిగిలిన సగానికి ఒక కాగితం చుడతాను. మర్నాడు అందులో సగం వాడి ఇంకో కాగితం చుడతాను. నిమ్మకాయ సగం, దోసకాయ సగం, రొట్టె ముప్పాతిక. అమ్మ ఉన్నప్పుడు, మనం నలుగురం ఉన్నప్పుడు, నువ్వు ఉల్లిపాయ సగం కోసి ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

కొట్టుకు వచ్చే నర్సమ్మ ఒక ఉపాయం చెప్పింది. నూలు గుడ్డకు తేనెమైనం పట్టిస్తే చేతివేడికి మెత్తబడి, ఎలా మడిస్తే అలా నిలుస్తుందట. గిన్నె మీద కప్పితే అతుక్కుంటుందట. కడిగి ఆరేసుకుని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చట. గుడ్డముక్కలకు నాకేం కొదవ? కొట్లో సంచులకు సంచులున్నాయి. లేనిది మైనమే. దుకాణంలో అడిగితే కొవ్వొత్తి చేతిలో పెట్టాడు. నువ్వు పనిచేసేది తేనె షెడ్డులో అని విన్నాను. అందుకే రాస్తున్నాను. అందుకే, ఇంకేం లేదు.

జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను. (అనుకుంటాను.)

నీ ఆడపడుచు,
పిచ్చుక
(అలా పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అయినా అలవాటు కొద్దీ రాశాను.)


జనవరి 24

పిచ్చుకకు,

మైనం పంపుతున్నాను. విడిగా అట్టపెట్టెలో వస్తుంది. తేనె తీసేశాక పట్టును వేడినీళ్ళలో కరిగించి వడగట్టిన మైనం అది. అడుగున కాస్త నలుపు ఉంటుంది, చాకుతో గీకేసుకో.

పొయ్యి మీద నేరుగా పెట్టకు, అంటుకుంటుంది. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, అందులో చిన్న గిన్నె పెట్టి కరిగించు. గుడ్డ పల్చటి నూలుది కావాలి, ఉతికి ఆరేసి ఉండాలి. తయారయ్యాక దాన్ని వేడి పదార్థాల మీద కప్పకు. వేణ్ణీళ్ళతో కడక్కు. మాంసం, చేపలు అందులో చుట్టకు.

ఇక్కడ ఫోన్లు పనిచెయ్యవు, కొండ అడ్డం. ఆఫీసులో ఒకటుంది గానీ అది మేనేజరు సొరుగులోంచి బయటికి రాదు. నీ నంబరు పాత ఫోనుతో పాటే పోయింది.

ఒక మాట. ఈ ఉత్తరం మీ అన్నయ్య రాయించి ఉంటే, జవాబు లేదని చెప్పు. నువ్వు నీ అంతట నువ్వే రాసి ఉంటే, ఈ మాట నీకు కాదు.

వదినా అని రాయనక్కర్లేదు. ఆ వరస తెగిపోయింది. పేరు పెట్టి రాసినా నేనేం అనుకోను.

వాడే ముందు మైనం ఒకసారి వాసన చూడు. పొగ వాసన వస్తే మాత్రం నాకు రాయి, వేరేది పంపుతాను.


ఫిబ్రవరి 6

పేరు పెట్టి రాయమన్నావు కదా, కాగితం మీద నీ పేరు రాసి చూశాను. సెలవు చీటీ రాస్తున్నట్టుంది. చించేశాను. కాబట్టి,

వదినా,

మైనం అందింది. పొగ వాసన లేదు. పెట్టె విప్పగానే గదంతా ఏదో పువ్వు వాసన. ఏం పువ్వో నాకు తెలీలేదు. నేను పెట్టె మూత మూయకుండా ఆ పక్కనే కూర్చుని అన్నం తిన్నాను.

అన్నయ్యకు నేను రాస్తున్నట్టే తెలీదు. నెలకోసారి ఫోన్ చేస్తాడు. "ఎలా ఉన్నావు?" "బాగున్నా." "సరే అయితే." అంతే మా సంభాషణ.

ఇప్పుడు నా ఘనకార్యం విను. నువ్వేమో గిన్నెలో గిన్నె పెట్టమన్నావు. నాకు తొందరెక్కువ కదా. మైనం తురిమి గుడ్డ మీద చల్లి, పైనా కిందా కాగితం వేసి, కొట్లో ఇస్త్రీపెట్టెతో రుద్దాను. కరిగింది! బ్రహ్మాండంగా కరిగింది! కాగితం దాటి ఇస్త్రీబల్ల మీదికి కూడా వచ్చింది. అది నేను చూసుకోలేదు. ఆ వెనకే మా ఓనరు బ్యాంకు ఆయన ప్యాంటు అదే బల్ల మీద పరిచి ఇస్త్రీ చేసింది. ఇక చూడు, వెనకవైపు, సరిగ్గా కూర్చునే చోట, అరచేయంత మెరుపు! "ఈయన ఇక కుర్చీలోంచి జారిపోతూ ఉంటాడు," అన్నాను. మా ఓనరు నవ్వలేదు. మైనం వదిలేదాకా నాచేతే ఉడికించింది, ఉతికించింది.

పోనీ గుడ్డయినా కుదిరిందా అంటే అదీ లేదు. ఆరాక అట్టముక్కలా బిర్రబిగిసింది. మడిస్తే గీతలు పడి పొట్టు రాలుతోంది. సగం ఉల్లిపాయ మీద చుడితే మళ్ళీ నిటారుగా విచ్చుకుంది, "నాకేం పని?" అన్నట్టు. ఏం తప్పు చేశానో చెప్పు.

కింద ఇంట్లో ఒకావిడ ఉంటుంది. భవనంలో అందరూ తాళాలు ఆమెకే ఇచ్చి పోతారు, తాళాలావిడ అంటాం. నీ పెట్టె వచ్చినప్పుడు "ఎవరు పంపారమ్మా?" అంది. మా వదిన అన్నాను. "ఎప్పుడూ చూళ్ళేదే, ఎప్పుడొస్తుంది?" అంది. వస్తుంది అనేశాను. నోరు జారింది.

నీ
పిచ్చుక


ఫిబ్రవరి 20

పిచ్చుకకు,

నీ ఉత్తరం భోజనాల గంటలో చదివాను. ప్యాంటు సంగతి దగ్గర నవ్వొచ్చింది. పక్కన కూర్చున్న తూకాలామె వింతగా చూసింది. ఇక్కడ సీసాలు తూచేది ఆమే. నేను నవ్వడం ఆమె చూడటం అదే మొదటిసారట.

ఒట్టి మైనమే అయితే గుడ్డ అలాగే బిగుస్తుంది. తూకాలామెను అడిగాను. మైనంలో మూడోవంతు గుగ్గిలం పొడి, ఒక చెంచా కొబ్బరినూనె కలపమంది. గుగ్గిలం వల్ల అతుకు వస్తుంది, నూనె వల్ల మెత్తదనం వస్తుంది. గుగ్గిలం కరగడానికి చాలా సేపు పడుతుంది. తొందరపడకు, కలుపుతూ ఉండు. తర్వాత బ్రష్షుతో గుడ్డకు పట్టించి, కొసలు పట్టుకుని గాలిలో ఊపు. ఊపుతుండగానే ఆరిపోతుంది.

నా సంగతులు అడగలేదు గానీ రాస్తున్నాను. షెడ్డు వెనక వరసగా గదులున్నాయి. చివరిది నాది. మిగతా గదుల్లో సంసారాలున్నాయి. సాయంత్రమైతే అందరి తలుపులూ మూసుకుంటాయి, గోడల అవతల మాటలు వినిపిస్తూ ఉంటాయి. మాటలు అర్థం కావు, మాట్లాడుకుంటున్నారని మాత్రం తెలుస్తుంది. పగలంతా సీసాలు నింపి మూతలు బిగిస్తాను. ఎన్నిసార్లు కడిగినా చేతుల జిగురు వదలదు. గదికి వచ్చి గొళ్ళెం తీస్తే అది నా వేళ్ళను పట్టుకుంటుంది. నన్ను పట్టుకుని వదలనిది ప్రస్తుతానికి అదొక్కటే.

తాళాలావిడకు వస్తానని ఎందుకు చెప్పావు? నా తరఫున ఎవరికీ మాట ఇవ్వకు. నేను రాను. ఆ ఊళ్ళో వీధులన్నీ నాకు తెలుసు. తెలిసిన వీధుల్లో తెలియనిదానిలా నడవడం నావల్ల కాదు.

సరిగ్గా తింటున్నావా? అన్నం పక్కన మైనం పెట్టెను కూర్చోబెట్టుకున్నానని రాశావు. అది చదివాక అడగాలనిపించింది.


మార్చి 8

వదినా,

కుదిరింది!

ఆదివారం పొద్దుట మొదలుపెట్టాను. గుగ్గిలం కరగనని మొండికేసింది. నేనూ మొండికేశాను. ఆఖరికి అదే ఓడిపోయి పాకంలా తీగసాగింది. బ్రష్షుతో పట్టించి, నువ్వు చెప్పినట్టే కొసలు పట్టుకుని కిటికీ దగ్గర ఊపాను. ఎదుటి కిటికీలో పాప ఎవరినో పిలుస్తున్నాననుకుని తనూ చెయ్యూపింది. ఆ గదిలో చేరాక నాకు ఎదురింటి నుంచి అందిన మొదటి పలకరింపు అది.

ఆరాక రెండు చేతుల మధ్యా పట్టుకున్నాను. పట్టుకుంటే మెత్తబడింది వదినా! గిన్నె మీద వేసి అంచు చుట్టూ నొక్కితే పసిబిడ్డలా కరుచుకుపోయింది. పొద్దుటికి తీసి చూస్తే లోపల కొత్తిమీర ఇంకా పచ్చగా ఉంది. చెత్త సంచీ ఈ వారం సగానికి కూడా రాలేదు. తాళాలావిడకు ఒకటిచ్చాను. "అమ్మో, చేతికి బాగుంది," అని నిమురుతూ కూర్చుందే గానీ దేనికీ కప్పలేదు.

నీకు మూడు పంపుతున్నాను. ఒకటి దుప్పటి ముక్క, ఒకటి పాత కర్టెన్, ఒకటి గళ్ళది. గళ్ళది బాగా పట్టింది, నూలు పల్చన కదా. రొట్టెకు అది వాడుకో.

తిండి సంగతి అడిగావు. తింటున్నాను. ఒక్కదాని కోసం వండటం ఒక పెద్ద పని, వండింది తినడం ఇంకో పెద్ద పని. ఇవి రెండూ తప్ప మిగతాదంతా బాగానే ఉంది.

వచ్చే రెండు నెలలూ నాకు కాస్త తీరిక తక్కువ. ఒక సంగతి చెప్పాలి, తర్వాత రాస్తానులే.

నీ
పిచ్చుక


మార్చి 19

పిచ్చుకకు,

గళ్ళది తిప్పి పంపుతున్నాను.

అది మీ అన్నయ్య చొక్కా. చింపి మైనంలో ముంచితే గుర్తుపట్టననుకున్నావా? జేబు ఊడదీసిన చోట రంగు ఇంకా వెలవలేదు, కుట్టు గుర్తులు అలాగే ఉన్నాయి. ఆ జేబు ఊడితే కుట్టింది నేను. నీ అంత బాగా రాదు కాబట్టి వంకరగా కుట్టాను. ఆ వంకర నాకు తెలుసు.

ఏదో సంగతి తర్వాత చెబుతానన్నావు. ముందు చొక్కా పంపి, తర్వాత మాట పంపుతావన్నమాట. ఆయన మీద నాకు జాలి కలగాలని పంపావో, పాతవి గుర్తుచేసుకుని నేనే దిగి రావాలని పంపావో తెలీదు. నాకు రాయబారాలు వద్దు. అవి నడపడానికి నువ్వు అసలు వద్దు.

మిగతా రెండూ వాడుకుంటున్నాను. బాగున్నాయి.


మార్చి 27

వదినా,

రాయబారమా? నేనా?

విను. ఆ చొక్కా అన్నయ్య పాతబట్టల మూటలోది. "తుడుచుకోడానికి పనికొస్తాయి, తీసుకెళ్ళు," అని మూట నా చేతికిచ్చాడు. ఎందుకిచ్చాడో కూడా విను. అన్నయ్యకు పెళ్ళి కుదిరింది. మే నెల రెండో ఆదివారం. ఆవిడ బట్టలకు చోటు కావాలని బీరువా ఖాళీ చేశాడు. నేను ఆ మూట విప్పి పల్చటి నూలు ఏదా అని వెతికానే గానీ, అది ఎవరి ఒంటి మీదిదని చూళ్ళేదు. రోజుకు పాతిక మంది చొక్కాలు నా చేతుల్లోంచి పోతాయి. చొక్కా నాకు గుడ్డ. అది నీకు చొక్కా అని తట్టకపోవడం నా బుద్ధితక్కువే.

రాసేశాను. ఇలా రాయాలనుకోలేదు. ఈ కాగితం చించేసి మెల్లగా, మంచి మాటల్లో చెబుదామనుకున్నాను. కానీ చించానంటే పెళ్ళయ్యేదాకా నీకు చెప్పను, నా సంగతి నాకు తెలుసు. ఇంకెవరి ద్వారానో తెలిసి, "పిచ్చుకకు తెలిసి కూడా చెప్పలేదు," అని నువ్వు అనుకుంటే అది ఇంకా దారుణం.

కోప్పడు. ఎంతైనా కోప్పడు. ఊరుకోవద్దు.

పిచ్చుక


ఏప్రిల్ 15

వదినా,

ఊరుకోవద్దంటే ఊరుకున్నావు.

రోజూ కిందికి దిగినప్పుడు తాళాలావిడ నా మొహం చూసి ముందే తల అడ్డంగా ఊపేస్తోంది, ఉత్తరం లేదని. ఆమెకు అది చెప్పడం కష్టంగా ఉందని ఇప్పుడు నేనే చూడనట్టు దిగిపోతున్నాను.

ఏం రాయాలో తెలీదు. పెళ్ళి మాట రాస్తే నీకు కష్టం, రాయకపోతే దాచినట్టు. రాసేస్తాను. ఆవిడ మంచిదే. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే తిట్టుకుని హాయిగా పడుకునేదాన్ని. మొన్న ఇద్దర్నీ హోటల్లో కలిశాను. "నన్ను వదినా అని పిలవ్వా?" అంది నవ్వుతూ. పిలుద్దామని నోరు తెరిచాను. దగ్గొచ్చింది. నిజంగానే దగ్గు. మంచినీళ్ళు ఇచ్చింది, వీపు రాసింది. నేను "థాంక్సండీ," అన్నాను. అన్నయ్య చూపు తిప్పుకున్నాడు.

పెళ్ళిలో అమ్మ చెయ్యాల్సినవి నన్ను చెయ్యమన్నారు. చేస్తాను. మా అన్నయ్య పెళ్ళి కదా. నీ పెళ్ళిలో నాకు పదకొండేళ్ళు. వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక నా జడ విప్పి దువ్వింది నువ్వు. పెళ్ళికూతురివి, అంత అలసిపోయి ఉండి కూడా. అమ్మ వద్దంటే, "చిక్కులు పడితే రేపు ఏడుస్తుందండీ," అన్నావు.

పనయ్యాక ఇంటికొచ్చి గుడ్డలు చేస్తున్నాను. చిన్నవి, పెద్దవి. నువ్వు పంపిన మైనం అయిపోవచ్చింది. మైనం అడగడానికి రాశాననుకోకు. జవాబు రాయడానికి మనసొప్పకపోతే, ఖాళీ కవరు మీద నా చిరునామా రాసి పంపు. చాలు.

పిచ్చుక


ఏప్రిల్ 29

పిచ్చుకకు,

అక్షరాలు చూసి భయపడకు. కుడిచెయ్యి కాలింది. కరిగిన మైనం గిన్నె దించుతుంటే పక్కకు ఒరిగింది. మణికట్టు దాకా పడింది. ఇప్పుడు కొత్త చర్మం వచ్చేసింది, వేళ్ళే పూర్తిగా వంగడం లేదు. తాను రాసిపెడతానని తూకాలామె అంది. నేనే వద్దన్నాను. నీకు రాసేవి ఇంకొకరితో చెప్పి రాయించే మాటలు కావు. అందుకే ఆలస్యం. కోపం వల్ల కాదు.

చొక్కా విషయంలో తొందరపడ్డాను. నువ్వు అలాంటిదానివి కావని నాకు తెలియాల్సింది.

పెళ్ళి మాట. బాధ లేదంటే నువ్వు నమ్మవు, ఉందంటే కంగారుపడతావు. మీ అన్నయ్య చెడ్డవాడు కాదు. ఒకే ఇంట్లో ఇద్దరం ఎవరి మానాన వాళ్ళం ఒంటరిగా ఉండటం నాకు చేతకాలేదు. విడిగా ఉంటే అదే ఒంటరితనం తేలికవుతుందనుకున్నాను. అది కూడా ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. ఆయన పెళ్ళి చేసుకోవడం నాకు దెబ్బ కాదు.

కానీ ఒకటుంది. ఆ పిలుపు ఇకమీదట ఆవిడది. ఒక పిలుపుకు ఇద్దరుండరు. ఆవిడని నోరారా పిలు, దగ్గు తెచ్చుకోకు. నాకు రాయడం మెల్లగా తగ్గించు. కొత్త చుట్టరికం నిలబడాలంటే పాతది కాస్త పక్కకు జరగాలి. నీ మంచికే చెబుతున్నాను.

మైనం ఇంకో ముద్ద పంపుతున్నాను. ఇది చాలా కాలం వస్తుంది.


మే 11, ఆదివారం సాయంత్రం
నీ గదిలోంచి

వదినా,

నేను నీ గదిలో ఉన్నాను. నీ మంచం మీద కూర్చుని, నీ కలంతోనే రాస్తున్నాను. నువ్వేమో ఇక్కడ లేవు.

పెళ్ళి బాగా జరిగింది. నేను చెయ్యాల్సినవన్నీ చేశాను. ఎక్కడా తడబడలేదు. భోజనాల దగ్గర ఎవరో, "ఒక్కదానివే ఉంటున్నావటగా?" అని అడిగారు. అవునన్నాను. అన్నాక విస్తరి మడిచేశాను. ఈపాటికి నువ్వు ఏం చేస్తూ ఉంటావు? మూసిన తలుపుల మధ్య, పనిచెయ్యని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటావు. రాయడం తగ్గించమన్నది మనసు విరిగి అన్న మాటేనని నాకనిపించింది. చెయ్యి కాలింది నా ఉత్తరం అందిన రోజేనేమో అని కూడా. నువ్వు రాయలేదు, అడిగినా చెప్పవు. ఈ ఒక్క రోజూ నిన్ను ఒంటరిగా ఉండనివ్వకూడదనిపించింది. అన్నయ్యకు తలనొప్పి అని చెప్పి, పెళ్ళిబట్టలతోనే బస్సెక్కాను. బస్సులో అందరూ నన్నే చూశారు, పారిపోయి వస్తున్న పెళ్ళికూతురినేమో అన్నట్టు.

ఇక్కడ దిగి నీ తలుపు కొడితే పక్క గదిలోంచి తూకాలామె వచ్చింది.

"ఆమె లేదమ్మా. పొద్దున్నే ఊరెళ్ళింది."

"ఎక్కడికి?"

"ఆడపడుచు దగ్గరికంట. ఇవాళ ఆ పిల్ల ఇంటికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఉండాలంది."

"ఏ ఆడపడుచు?" అన్నాను, వెర్రిదానిలా.

"ఉన్నది ఒక్కతే కదమ్మా. పిచ్చుకో, చిలకో, ఏదో అంటది."

వదినా, నేను ఆ మెట్టు మీదే కూలబడ్డాను. ఆమె కంగారుపడి నీళ్ళు తెచ్చింది, తాళం తీసి ఇచ్చింది.

వెళ్దామంటే రేపటిదాకా బస్సు లేదు. ఫోన్ చేద్దామంటే కొండ. ఆఫీసుకు తాళం. నువ్వు మొదటి ఉత్తరంలోనే చెప్పావు, నేను వింటేగా!

నీ గది చూశాను. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. గోడకు మేకు ఉంది, మేకుకు ఏమీ లేదు. చేతికి రాసుకునే మందు అయిపోయింది, గొట్టం చివరిదాకా చుట్టి ఉంది. అల్మరాలో నేను పంపిన రెండు గుడ్డలూ చూశాను. వాడి వాడి మెత్తబడిపోయాయి, మైనం పలచబడి మడతల దగ్గర నూలు తేలింది. వాటికి మళ్ళీ మైనం పట్టించాలి. ఇన్నాళ్ళూ అవి నీ అల్మరాలో మూలన పడి ఉంటాయనుకున్నాను.

పక్క గదుల్లో మాటలు వినిపిస్తున్నాయి. నువ్వు రాసినట్టే, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. తూకాలామె తన పిల్లలతో పాటు నాకూ అన్నం పెట్టింది.

రేపు మొదటి బస్సుకు బయల్దేరతాను. నువ్వూ పొద్దున్నే బయల్దేరితే దారిలో మళ్ళీ ఒకరినొకరం దాటిపోతాం. దయచేసి కదలకు. ఈ మాట నీకు చేరే దారే లేదు. అయినా రాస్తున్నాను. కదలకు వదినా.

పిచ్చుక


మే 12, సోమవారం పొద్దుట
నీ గదిలో

పిచ్చుకా,

నువ్వు వచ్చేసరికి నేను గదిలో లేకపోతే ఇది చదువు.

నిన్న మధ్యాహ్నం వచ్చాను. ఆ వీధుల్లో నడవలేనన్నాను కదా, నడిచాను. ఎవరూ గుర్తుపట్టలేదు. అంత భయపడ్డాను గానీ, వీధులకు ఏం గుర్తుంటుంది? కింద తాళాలావిడ నన్ను ఎగాదిగా చూసి, "వదినగారేనా?" అంది. నేను జవాబు చెప్పేలోపే తాళం నా చేతిలో పెట్టింది. ఎన్నో రోజులుగా దాన్ని విడిగా పెట్టుకున్నట్టుంది.

పెళ్ళి నుంచి అలసిపోయి వస్తావు, చీకటి గదిలోకి ఒక్కదానివే అడుగుపెట్టకూడదని నా ఉద్దేశం. నీకు రాయడం తగ్గించమని రాసిన దగ్గర్నుంచి నాకు నిలకడ లేదు. పెద్దమనిషిలా రాశాను గానీ, పోస్టు డబ్బాలో వేసిన మరుక్షణం చెయ్యి లోపల పెట్టి తీసుకుందామనిపించింది. కాలిన చెయ్యి, పట్టలేదు.

కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంచాను, మెట్ల మీద అడుగులు వినిపించాలని. అల్మరాలో నీ మైనపు గుడ్డలు చూశాను. దొంతర్లు దొంతర్లు! కొన్ని దుప్పటంత ఉన్నాయి. పిచ్చుకా, ఇంత పెద్దవి ఏ గిన్నెకు? నీ దగ్గరున్నవి రెండు చిన్న గిన్నెలు. ఆ గుడ్డల కొలతలు నాకు తెలుసు. మనింట్లో వండే పెద్ద గిన్నెలవి. ఆ గిన్నెలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో కూడా నాకు తెలీదు. నీకైనా తెలుసా?

సాయంత్రమైంది, నువ్వు రాలేదు. దీపాలు పెట్టారు, నువ్వు రాలేదు. తాళాలావిడ తన ఫోన్‌లో నీకు చేసింది, అందడం లేదంది. ఆమె ఫోన్ తీసుకుని మీ అన్నయ్య నంబరు నొక్కాను. మర్చిపోయాననుకున్నాను ఆ నంబరు. వేళ్ళు మర్చిపోలేదు.

పెళ్ళిరోజు సాయంత్రం, పెళ్ళికొడుక్కి, నేను!

"పిచ్చుక ఎక్కడుంది?" అన్నాను. హలో కూడా అనలేదు.

ఆయన వెనక జనం నవ్వులు వినిపించాయి. తర్వాత, "నువ్వా? ఎక్కడున్నావు?" అన్నాడు.

"దాని గదిలో."

"తలనొప్పి అని మధ్యాహ్నమే వెళ్ళిపోయిందే," అన్నాడు. మళ్ళీ తనే ఆగి, "కొండ వైపు బస్సు ఎన్నింటికని పెళ్ళికారు డ్రైవర్‌ని అడిగింది. నేను విననట్టు ఊరుకున్నాను. నీ దగ్గరికే వెళ్ళుంటుంది," అన్నాడు.

నాకు అప్పుడు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అవతల ఆయనకూ అంతేననుకుంటాను. "అది నాతో ఏమీ చెప్పదు. నేనూ అడగను. నువ్వు కాస్త కనిపెట్టుకుని ఉండు," అన్నాడు. ఉంటానన్నాను. పెళ్ళి శుభాకాంక్షలు చెప్పాను. చెప్పగలిగాను. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరు ముందు ఫోన్ పెట్టేశామో తెలీదు.

ఒక పిలుపుకు ఇద్దరుండరని రాశాను. తప్పు. ఆవిడనీ పిలు, నన్నూ పిలు. విడాకులప్పుడు నన్ను అన్నీ అడిగారు, నీ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు కదా అని నేనూ ఊరుకున్నాను.

మొదటి బస్సుకు బయల్దేరి ఉంటావు. నేను నిన్ను వెతుక్కుంటూ బస్టాండుకు రాను, వస్తే మళ్ళీ ఎక్కడో దాటిపోతావు. షెడ్డులో ఏమన్నా అననీ, నిన్ను చూడకుండా ఇక్కణ్ణుంచి వెళ్ళను. వెళ్ళాల్సింది ఎలాగూ ఉంది. ఆ కొండ అక్కడే ఉంటుంది, నీ గది ఇక్కడే ఉంటుంది. కానీ ఈ పూటకు అది వద్దు.

ఇప్పుడు కింద కొళాయికి నీళ్ళొచ్చాయని తాళాలావిడ కేకేసింది. బిందె తీసుకుని దిగుతున్నాను. అందుకే ఈ కాగితం తలుపుకు గుచ్చుతున్నాను. గది ఖాళీగా ఉందని చూసి కంగారుపడి మళ్ళీ బస్సెక్కేవు, నీకు తొందరెక్కువ.

తలుపు తోస్తే వస్తుంది. లోపలికెళ్ళి కూర్చో. నా చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి చూడు. చెప్పుల్లేకుండా మనిషి ఎంత దూరం పోతుంది?

వదిన